రెండు పాళ్ల ఖాళీ

మా నాయనమ్మ పేరు కమాదో.
అంటే పొయ్యి.
ఆమె చెల్లెలు నాబె. అంటే కుండ.
ఓకినావాలో ఒకప్పుడు ఆడపిల్ల పుడితే
వంటింట్లో కంటబడినదాని పేరల్లా పెట్టేసేవారు.
నా పేరు చినాత్సు. వెయ్యి వేసవులట.
సలసల కాగే నూనె పక్కన పనిచేస్తాను.

సైనిక స్థావరం కంచెకి ఆనుకుని మా షాపు.
నా కిటికీలోంచి మనుషులు కనపడరు,
కార్లలోంచి చాచిన చేతులే:
గోళ్లలో సిమెంటున్న చెయ్యి,
చంటిదాన్ని ఒడిలో అదిమిపట్టి
చిల్లర లెక్కపెట్టే చెయ్యి.
వాళ్లనేమనను?
రెండు ఉద్యోగాల మధ్య పదకొండు నిమిషాలు దొరికినవాళ్లకి
కాకరకాయ తరిగి ఉప్పేసి పిండే తీరిక
ఎవరిస్తారు?
మా ఇంట్లోనూ అంతే.
నాలుగేళ్లుగా పొయ్యిలో పిల్లి లేవలేదు,
డబ్బుల్లేక కాదు,
లేపేవాళ్లు ఇంటిపట్టున లేక.

నాన్న టాక్సీ నడిపేవాడు.
రాత్రి తొమ్మిదిన్నరకి స్పీకర్లో గొంతు మార్చి
"పెద్దది ఒకటి, దాని తోడుకి ఇంకో పెద్దది" అనేవాడు.
నేనూ ఎరగనట్టే
"ఉప్పు తగ్గించమంటారా అండీ?" అనేదాన్ని.
కిటికీ దగ్గర నవ్వు, జిడ్డు కాగితం సంచీ,
ఒక్క క్షణం తగిలే వేళ్లు.
మేమిద్దరం కలిసి చేసిన భోజనం అదే.
యాభై ఎనిమిదో ఏట ఒక సిగ్నల్ దగ్గర
పచ్చలైటు పడ్డా
ఆయన బండి కదల్లేదు.

తొంభై మూడేళ్ల నాయనమ్మ
కొడుకు ఎముకల్ని పుల్లలతో ఏరి కుండలోకి ఎత్తింది.
ముందు పాదాలవి, చివర తలవి.
మెతుకు జారనివ్వని చెయ్యి
ఆ రోజూ ఏదీ జారనివ్వలేదు.
పక్కవీధి ముసలామె వచ్చి తోడు కూర్చుంది,
ఆమెకిది రెండోసారి.
నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు.
అనుంటే బాగుండేది.

ఏప్రిల్లో సమాధుల దగ్గర పండగ.
తాబేటి డిప్పలాంటి మా సమాధి ముందు చాప పరుచుకుని
పోయినవాళ్లతో కలిసి తింటాం.
పక్క సమాధి ముందు ఈసారి
బకెట్టు నిండా వేయించిన కోడి,
పిల్లలు ఎముకలు చీకి మూతలో పోస్తున్నారు.
మా పెట్టెలో టోఫూ, సముద్రపు నాచు ముడులు,
ఊదారంగు చిలగడదుంపలు.
అన్నీ సర్దాక నాయనమ్మ సంచీలోంచి
మా షాపు పొట్లం తీసింది.
నా డ్యూటీ లేని రోజు చూసుకుని,
కర్ర పట్టుకుని, కార్ల వరసలో
కారు లేకుండా నిలబడి కొన్నదట.
"వాడికిష్టం," అంది.

ధూపం కాలాక నైవేద్యం దించి
తుంచి సగం నాకు పెట్టింది.
బన్ను బిగుసుకుపోయింది,
ఉప్పు మాత్రం అలాగే ఉంది.
ఎనిమిది పాళ్లు నిండగానే లేవాలని
చిన్నప్పుడు రోజూ చెప్పేది.
ఎప్పుడూ అడగనిది అప్పుడడిగాను:
"మిగతా రెండూ ఎందుకు ఖాళీ?"
పళ్లులేని నోటితో చాలాసేపు నమిలి,
"రేపటి ఆకలి వచ్చి ఎక్కడ కూర్చుంటుందే?" అంది.

మర్నాడు తొమ్మిదిన్నరకి స్పీకరు గరగరలాడింది.
"పెద్దది ఒకటి," అన్నాడెవరో కుర్రాడు.
నేను ఉప్పు సంగతి అడిగాను.