పదిహేడు రోజులు

మర్టిల్ బేరమాడనివ్వలేదు.
"పన్నెండొందలు, పైన ఒక బస్తా బంగాళాదుంపలు" అని
ఊలు మేజోడులోంచి తాళంచెవి తీసిచ్చింది.
ఎనభై ఒకటి నాటి బెడ్‌ఫోర్డ్.
గొర్రెల దొడ్డి వెనక గడ్డిలో
మోకాళ్ళు మడిచి పడుకున్న ముసలావు.

రావిరి కింద దూరి స్క్రూడ్రైవరుతో పొడిచాడు.
రెండో పోటుకే లోపలి నుంచి నేల కనబడింది.
"ఇది బండి కాదు, తుప్పుకి వేసిన రంగు" అన్నాడు.
నైరీ మాత్రం చల్లారిన పొయ్యి ముందు నిలబడి
లేని కప్పులో లేని టీ కలుపుతోంది.
అక్కడే ఓడిపోయాను.

ఎనిమిది నెలల శనివారాలు దానికే ధారపోశాం.
వారమంతా బడి బస్సు నడిపిన మనిషి
శనివారం బండి కింద వెల్లకిలా పడుకునేది.
గీకాం.
నారింజ కింద గోధుమ, గోధుమ కింద ఆకుపచ్చ,
ఆకుపచ్చ కింద సగం చెరిగిన అక్షరాలు:
"... అండ్ సన్స్, తాజా రొట్టెలు."
ఆ రోజంతా మాకు ఊరికే ఆకలేసింది.

కిటికీ రబ్బరు మూడుసార్లు మార్చాను.
మూడుసార్లూ వాన నాకంటే తెలివైనది,
ఒక్క చుక్కకి దారి కనుక్కునేది
సరిగ్గా నా దిండు మీదికి.
పరుపు కింద ఎండిన కందిరీగలు, ఒక ఇస్పేటు ఏడు.
పేకముక్కని నైరీ పారేయనివ్వలేదు.

ఇక తలుపు.
మూడుసార్లు బాదితే గానీ పడదు.
"కొన్నిటిని బాగుచెయ్యకూడదు, అలవాటుపడాలి" అని
రావిరి పానా తుడిచి, బీరడిగాడు.

జనవరి. ఓమరూలో ఎండలు కాసే నెల.
నూనె పోశాం, పీపా నింపాం.
పటం మీద నైరీ వేలు
కొండలు దాటి పడమటి తీరం చేరిపోయింది.
తాళం తిప్పబోతుంటే
కింద ఎవరో గుర్రుమన్నారు.

వంగి చూస్తే పెంగ్విన్. నీలిది, జానెడున్నర.
చిరిగిన దిండులా ఒళ్ళంతా ఈకలు ఊడుతూ
అప్పులవాణ్ణి చూసినట్టు నన్ను చూసింది.

ఫోన్లో సంరక్షణ శాఖ అమ్మాయి నవ్వాపుకుంది.
"కొత్త ఈకలు వచ్చేదాకా సముద్రంలో దిగలేదు పాపం,
తిండి కూడా తినదు. కదపకండి."
ఎన్నాళ్ళు?
"రెండు వారాలు, ఇంకాస్త."
మా సెలవు పన్నెండు రోజులేనమ్మా.
"ఆ మాట దానికే చెప్పండి."

నైరీ పెట్టె దించలేదు.
"వెళ్దామనుకున్నాంగా" అని కెటిల్ పట్టుకుని
వంటింటి గడప నుంచి పదమూడడుగులు నడిచి
బండెక్కింది.
తలుపు వెయ్యలేదు,
మూడు దెబ్బలకి కిందావిడ బెదురుతుందని.

అలా తలుపు తెరుచుకునే పడుకున్నాం.
మా వీధిని మేం అడ్డంగా చూడటం అదే మొదలు.
పోస్టు బండికే వచ్చింది.
రావిరి కుర్చీ తెచ్చుకుని గుసగుసగా మాట్లాడాడు,
గుసగుసగా పేకాడి, గట్టిగా ఓడిపోయాడు.
ఒక రాత్రి వాన. నా దిండు మీద టప్.
కింద గుర్ర్.
ఇద్దరికీ ఒకటే కప్పు, ఒకటే చిల్లు.
దాని పద్ధతి చూసి కొంచెం సిగ్గేసింది కూడా,
మాకు ఎనిమిది నెలలు పట్టిన పని
లప్పం లేకుండా, అప్పు లేకుండా,
నిలబడ్డచోటే చేసుకుంటోంది.
చేపల కంపు సంగతి నేను చెప్పను.

పదిహేడో పొద్దున బండి కింద
ఈకల కుప్ప మాత్రమే ఉంది.
సెలవు ముందే అయిపోయింది.
నేను ఉన్ని మిల్లు నుంచి వచ్చేసరికి
నైరీ డ్రైవరు సీట్లో ఉంది.
ఎక్కడికని నేనడగలేదు. మహా అయితే రేవు దాకా,
చీకటి పడేలోపు వెనక్కి.

తలుపు లాగాను. ఒకటి. రెండు.
"ఆగు" అంది నైరీ,
"దిగి, కింద చూసి రా."