పది మొద్దుల ప్రార్థన

"ఆమోసూ, రోజూ ఎంతసేపు ప్రార్థన చేస్తావయ్యా?"
ఆరాధన అయ్యాక అయ్యగారు అడిగారు.
"పది మొద్దులండీ" అన్నాను.
గుమ్మం కాడ చెప్పులు వెతుక్కునేవాళ్లంతా నవ్వారు.

కొండపి అవతల మాలకొండారెడ్డి గారి బ్యారన్.
ఫిబ్రవరి చలి. లోపల ఆకు
పచ్చ నుంచి పసుపుకి తిరుగుతుంటే
బయట పొయ్యి ముందు నేను, తెల్లవార్లూ.

తలుపేసుకుని చేసుకోమన్నాడు ప్రభువు.
మా ఇంటికీ తలుపుంది, దాని లోపల ఆరుగురం.
ఇక్కడ ఉన్న ఒక్క తలుపూ ఆకుది.
దానికి రెడ్డిగారు కట్టించిన నిమ్మకాయలు, మిరపకాయలు,
దాని కిందే గోనెపట్టా, పట్టా మీద నా మోకాళ్లు.
ఇద్దరం అడిగేది ఒకటే,
రంగు చెడగూడదని.

అప్పుడప్పుడూ అనుమానమొస్తుంది.
పొగ తాగడం పాపమని అయ్యగారి ప్రసంగం.
పాపానికి సెగ పెడతా కూర్చున్నోడి ప్రార్థన
పైనెట్టా వినపడుతుందో.
నా దశమభాగం కవరూ ఆకు వాసనే కొడుతుంది.
దాన్ని ఇంతవరకూ ఎవరూ వెనక్కివ్వలేదు.

యూరియా సంచిలో నాయన బైబిలు.
టార్చి అటు వేస్తే అద్దంలో డిగ్రీలు,
ఇటు తిప్పితే కీర్తన.
నాది కూడబలుక్కునే చదువు,
ఒక వచనం దాటేలోపు పొయ్యి మందగిస్తుంది.
పేజీలన్నీ పొగచూరి
మొదటి గ్రేడు రంగుకి వచ్చేశాయి.

మొద్దుకొక పేరు.
మాటలు రాకపోతే కట్టె వెయ్యరా,
ఆయనకి లెక్క తెలుసు, అనేవాడు నాయన.
నిటారు సరుగుడు దీవెనమ్మకి, ఆమె మోకాలి వాపుకి.
చిటపటలాడే జామాయిలు హెప్సిబాకి,
ఒంగోల్లో నర్సు, రాత్రి డ్యూటీ,
నా మాదిరే ఈ వేళకి మేలుకునుంటుంది బిడ్డ.
వంకర తుమ్మ రెడ్డిగారికి,
వేలంలో ఆయన చెక్కుకి ధర పలకాలని,
పలికితేనే గదా నాకు బాకీ తీరేది.
తడిమొద్దు నాకు. పొగెక్కువ, మంట తక్కువ.

పది అన్నాను గానీ, తొమ్మిదే.
పదోది చూరు కింద దాచి పెట్టాను, మూడు సీజన్లయింది.
అది తీతుది. నా తమ్ముడిది.
అమ్మ పేరు మీదున్న ఇరవై సెంట్లు
నాకు తెలీకుండా రొయ్యల చెరువోళ్లకి రాసిచ్చినోడిది.
అమ్మ సమాధి అంచు దాకా ఇప్పుడు ఉప్పునీళ్లు.
రోజూ తొమ్మిదోది వేసి, ఆమేన్ అనేసి,
చూరు వైపు చూడకుండా బీడీ... కాదు,
టీ తాగేవాణ్ణి.

మొన్న రాత్రి మూడు దాటింది.
టార్చి వేస్తే నూట నలభై ఎనిమిది.
ఉండాల్సింది నూట యాభై ఐదు.
ఈనె ఆరేటప్పుడు వేడి జారిందా,
ఈనెలో తడి ఆకులోకి పాకి నల్లగా కములుతుంది,
ఒక కుటుంబం ఏడాది కష్టం.
కట్టెల పేర్పు దొడ్డి చివర.
చేతికందింది ఒకటే.

పట్టుకుని నిలబడ్డాను.
"ప్రభువా, ఇది ఉత్త కట్టె,
దీనికి పేరు లేదు" అన్నాను, పైకే అన్నాను.
కుక్క లేచి చూసి మళ్లీ పడుకుంది.

వేశాను.
మూడేళ్లు ఎండింది గదా,
అన్నిటికన్నా ముందు అంటుకుంది.
నూట యాభై. నూట యాభై మూడు.
ఏం ప్రార్థించానో గుర్తులేదు.
చిన్నప్పుడు వాడికి కోరింత దగ్గు,
దగ్గీ దగ్గీ నా వీపు మీదే నిద్రపోయేవాడు,
అది మాత్రం గుర్తొచ్చింది.

తెల్లారి రెడ్డిగారు ఆకుని పిడికిట్లో నలిపి
"రంగు నిలబడిందిరా" అన్నాడు.
ఇవాళ మళ్లీ పొద్దుగూకింది.
పేర్పు ముందు నిలబడి ఉన్నాను.
తొమ్మిది తీశాను.
పచ్చిదైనా పర్లేదు,
వాడిదేదో ఇంకా తేలడంలేదు.