తడిగుడ్డ

పోయిన ఏడు సీజను నడిమధ్యలో
చెప్పాపెట్టకుండా గోడలు దూకారు.
ఖాదర్‌వలి షెడ్డులో అడ్వాన్సు తీసుకున్నోడు
మాలకొండయ్య షెడ్డులో తేలాడు.
మాలకొండయ్యా ఊరికే పిలవలేదు,
వాడూ ఊరికే పోలేదు.
ఒకరికొకరు కావాలనుకునే ఇద్దరు
చెరో చోట ఇరుక్కుంటే
ఏ గొళ్లెం ఆపుతుంది?

మార్కాపురం పలకల సంఘంలో
చిట్టాలు రాసేదాన్ని నేను.
ఈసారి సిఫార్సులొద్దన్నాను.
షెడ్డుకో పలక ఇచ్చాను, చెక్క బిగించనిది,
ఒక బలపం, ఒక తడిగుడ్డ.
"పలక మీద ఒక్క పేరే.
ఇంతకన్నా నచ్చిన మనిషొస్తే పాతది తుడవండి.
పొద్దుగూకేదాకా ఏ రాతా ఖాయం కాదు."

పనోళ్లకి వేరే చెప్పాను:
"ఎవరి మనసులో వరస వాళ్లది.
ముందు బాగా ఇష్టమైన గడప తొక్కండి,
కాదంటే తర్వాతది.
కాదన్న గడపకి మళ్లీ పోవద్దు."

రంగనాయకులు నవ్వాడు,
"పెళ్లిచూపులా ఏందమ్మే ఇవి?"
"పెళ్లిచూపుల్లో తుడిచే గుడ్డ కనపడదులే" అన్నాను.

యలమంద నేరుగా మాలకొండయ్య దగ్గరికి పోయాడు.
పలక మీద పేరెక్కింది. బీడీ వెలిగించాడు.
సగం కాలిందో లేదో నాసరమ్మ వచ్చింది.
రాతి మీద గోరు ఆనించి
పొర యాడ విడుస్తుందో చెప్పే మనిషి.
మాలకొండయ్య ఎవరి మొహమూ చూడకుండా
గుడ్డ అందుకున్నాడు.

తుడిచేటప్పుడు చప్పుడుండదు.

చిన్నప్పుడు పలకకి
బొగ్గూ దొండాకూ రుద్ది నలుపెక్కించేవాళ్లం,
ఎంగిలితో తుడిస్తే చదువు రాదనేవాళ్లు.
నేను ఎంగిలితోనే తుడిచేదాన్ని.
ఆ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో.

యలమంద బీడీ పారేసి
ఖాదర్‌వలి షెడ్డుకి నడిచాడు.
అక్కడ అప్పటికే తిరుపాలు పేరుంది.
ఖాదర్‌వలి కొంచెంసేపు ఆలోచించి తుడిచాడు.
తిరుపాలు సుబ్బరత్నమ్మ గుమ్మానికి పోతే
ఆమె పలక తిప్పి చూపించింది: దస్తగిరి.
గుడ్డ తడి కూడా తగల్లేదు ఆ పేరుకి.

మిగిలింది రంగనాయకులు.
పొద్దున్నుంచీ ఖాళీ పలక ఒళ్లో పెట్టుకుని
ఎవరొస్తారా అని కుర్చీలో కూర్చున్నోడు.
తిరుపాలు ఆ మెట్లెక్కడంతో
లెక్క ఆగిపోయింది.

సాయంత్రం తిరుపాలు నా బల్ల దగ్గరికొచ్చాడు.
"నేను గోడ దూకితే?"
"దూకు. ఖాదర్‌వలి నీ కోసం యలమందని తుడుస్తాడా?"
"తుడవడు."
"సుబ్బరత్నమ్మ?"
తల అడ్డంగా ఊపాడు.
"మరి గోడకి అవతల
నీ కోసం చూసేదెవరు అబ్బయా?"
"అంటే ఇదే బాగుందంటావా?"
"బాగుందనలేదు. నిలబడుద్దన్నాను."

రంగనాయకులు వినకుండా ఉంటే బాగుండేది.
"నేను కోరింది దస్తగిరిని గదా" అన్నాడు.
ఆయనకి చెప్పాల్సొచ్చింది:
అడగబోయినోడు తన వరసలో
పైనుంచి కిందికి మెట్టు మెట్టు దిగుతాడు.
కూర్చున్నోడు కిందనుంచి పైకి ఎక్కుతాడు,
అదీ ఎవరన్నా వచ్చి ఎక్కిస్తేనే.
"నీకు ఒక్కడే వచ్చాడు."
"అయితే వచ్చే ఏడు మేమే పోయి అడుగుతాం."
"అడగండి. అప్పుడు వాళ్లు కూర్చుంటారు."

ఈ మాట నాకు ఇరవై ఏళ్ల కిందట
ఎవరన్నా చెప్పుంటే బాగుండేది.
ఎవరో అడుగుతారని
ఒళ్లో పలక పెట్టుకుని నేనూ కూర్చున్నా.
సరే, పలకలు పోగుచేసుకోవాలి.

నాలుగూ తీసుకుని చిట్టాలోకి ఎక్కించుకుంటున్నా.
ఖాదర్‌వలి పలక లైటు కిందికి వంచితే
యలమంద పేరు వెనక
సగం చెరిగిన "తి" ఒకటి
తడి ఆరాక పైకి తేలింది.
గుడ్డ ఇంకోసారి ముంచాను.
పిండి, అట్లాగే పట్టుకుని
కొంచెంసేపు కూర్చున్నాను.