నాలుగు వందల పన్నెండో వరుస

రేణిగుంటలో బస్సెక్కింది.
నా పక్క సీటొకటే ఖాళీ.
టిఫిను సంచి ఒళ్ళో పెట్టుకుని
చున్నీ సర్దుకునేటప్పుడు కనిపించింది
ఎడమ చెవి కింద, కందిగింజంత పుట్టుమచ్చ.

ఆ మచ్చ నాకు తెలుసు.
రెండేళ్ళ కిందట
దాన్ని టైపు చేసింది నేనే.

ఛార్జర్లు చేసే మా కంపెనీకి
ప్యాకింగులోకి నలభై మంది కావాలన్నారు.
తొమ్మిది వందల మంది వచ్చారు.
గేటు బయట రేకుల నీడలో
ఒకరి వీపు మీద ఒకరు కాగితం ఆనించి
నాలుగు పేజీలు నింపారు.
రక్తం గ్రూపు. కులం. ఇంటి అప్పులు.
పెళ్ళయిందా, కాకపోతే ఎప్పుడు.
నెలసరి సరిగ్గా వస్తుందా అని కూడా ఒక గడి,
డబ్బాలకు స్టిక్కర్లు అంటించడానికి!
ఎందుకని ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.
ఖాళీ గడి కనిపిస్తే మాత్రం
వెనక్కిచ్చి నింపించాను.

తీసుకోని ఎనిమిది వందల అరవై మంది
ఇంకా మా స్టోరురూములోనే ఉన్నారు,
ఛార్జర్ల అట్టపెట్టెల్లో.

మునిరేఖ. ఏర్పేడు పక్క పల్లె.
తండ్రి దొరస్వామి అని రాసి
పక్కనే చిన్నగా, లేరు.
ఇంటర్ తర్వాత ఒక ఏడాది ఖాళీ.
కారణం రాసి, కొట్టేసి,
ఇంకోటేదో రాసింది.
కొట్టేసింది కూడా చదివాను నేను.

ఇప్పుడా మాట
నా నోట్లో చింతగింజలా
అటూ ఇటూ దొర్లుతోంది.

ఆమె ఫోను మోగింది. కట్ చేసింది.
మళ్ళీ మోగింది.
"లోనోళ్ళు క్కా," నావైపు తిరిగి నవ్వింది.
"యాడో ఒగ కంపెనీకి అప్లికేషన్ పెట్టినా.
ఉద్యోగమైతే రాలేదు గానీ
ఆ పొద్దు నించీ ఈ ఫోన్లు వస్తానే ఉండాయి.
మా నాయన పేరు చెప్పి మరీ అడగతారు,
దొరస్వామిగారి అమ్మాయేనా అని.
ఆయన్ని పేరు పెట్టి తలుచుకునేది
ఇప్పుడు వాళ్ళే మిగిలినారు."

కిటికీలోంచి బయటికి చూశాను.
ఆ లిస్టు పెన్‌డ్రైవులో ఎక్కించింది నేనే.
మేనేజరు అడిగాడు, ఇచ్చాను.
సాయంత్రం స్టాఫందరికీ స్వీటు బాక్సులొచ్చాయి.
కాజాలు.
నాలుగు తిన్నాను.

"మిమ్మల్ని యాడో చూసినట్టుండాదే?"
"లేదమ్మా," అన్నాను.
అబద్ధమేమీ కాదు.
ఆ రోజంతా ఆమె తల వంచుకుని
రాస్తూనే ఉంది,
నన్నెక్కడ చూసింది.

ఏర్పేడు క్రాసులో దిగింది.
ఏ సందులోకి తిరుగుతుందో
డోరు నంబరుతో సహా నాకు తెలుసు.
అటే తిరిగింది.

మర్నాడు అందరికన్నా ముందెళ్ళి
కంప్యూటరు తెరిచాను.
నాలుగు వందల పన్నెండో వరుస.
పేరు, మచ్చ, తండ్రి,
రిమార్కుల కింద నేను ఎక్కించిన
ఆ కొట్టేసిన మాట.
ఒక్క మీట నొక్కితే పోయాయి.
పెన్‌డ్రైవులోవి పోలేదని తెలుసు.
బయటికెళ్ళినవి వెనక్కి రావనీ తెలుసు.

కనీసం ఖాళీ అయినా మిగుల్తుందనుకున్నా.
మిగల్లేదు.
కింది వరుస పైకి జరిగి
ఆ నంబరులో కూర్చుంది.
పాకాల అమ్మాయి, పందొమ్మిదేళ్ళు,
కుడి మోచేతి మీద
కాలిన గుర్తు.