కౌంటు

పగలంతా రొయ్యల్ని లెక్కపెట్టడమే నా పని.
కిలోకి ముప్పై తూగితే ఒక ట్రే,
నలభై తూగితే పక్క ట్రే,
తల ఊడినవి వేరు.
ఐసునీళ్లలో వేళ్లు మొద్దుబారి
కంచరపాలెం మెట్టు దగ్గర బస్సు దిగేసరికి
కండక్టరిచ్చిన చిల్లర కూడా ఎంచుకోలేను.

ఇంట్లో రెండడుగుల గాజుతొట్టె ఉంది.
అందులోవి కొన్ని బియ్యపుగింజంత, కొన్ని జీలకర్రంత.
అవి తూకానికి రావు.

"అదేటి, పగలూ అయ్యే, రేత్రీ అయ్యేనా?"
అంటాది మాలచ్చి.
ఆదివారం తనే ఇగురు వండుతుంది.
తొట్టెకు వీపు తిప్పి కూర్చుని తింటాను.
రెండోసారి వడ్డించుకుంటాను కూడా.

డాబాగార్డెన్స్‌లో చేపలమ్మే జిలానీ ముందే చెప్పాడు:
ఎర్రవి ఎర్రవాటితో, నీలివి నీలివాటితో.
కలిపితే మూడోతరానికి రంగులన్నీ దిగిపోయి
గెడ్డలో రొయ్యల్లా తయారవుతాయి.
బతుకుతాయా మరి?
బతకడానికేం, నిక్షేపంలా బతుకుతాయి.
అమ్ముడుపోవు, అంతే.

ఎరుపు పది, నీలం పది, పసుపు ఆరు,
ఒకే సంచిలో కట్టమన్నాను.
నలుపూ తెలుపూ చారలవి మాత్రం చూపించి ఇవ్వలేదు.
"వాటికి మెత్తటి నీళ్లు కావాలి.
మీ కుళాయి నీళ్లు పోస్తే సాయంత్రానికి వెల్లకిలా పడతాయి.
నీ జీతానికి వద్దులే."

మునిసిపాలిటీ నీళ్లను ఒకరోజు బకెట్లో నిలవుంచుతాను,
మందువాసన పోయేదాకా.
దోమలపొగ బండి వీధిలోకొస్తే
నా ముక్కుకన్నా ముందు తొట్టెకు తడితువ్వాలు కప్పుతాను.

కొసరుగా నాలుగు గాజురొయ్యలు వేశాడు.
పొట్టలో మెతుకు సైతం కనబడేంత తేటవి.
అందులో ఒకటి ఆగకుండా పెరిగింది.
పొద్దున్నే అడుగున ఎర్రటి పెంకులు.
చొక్కా విడిచాయనుకున్నాను.
విడిచిన చొక్కా మీసాలతో సహా నిండుగా ఉంటుంది.
ఇవి ముక్కలు.
రాత్రి రెండింటికి ఫోన్ లైటు వేస్తే
రాతిచాటున రెండు నీలిచేతులు,
ఒంటికన్నా పొడుగు.
ఏటిరొయ్య పిల్ల.
నా ట్రేలోవాటికి ఏదో వరస అవుతుంది.

రోజుకి కొన్నివేల చచ్చినవి పట్టుకునే చెయ్యి
ఆ ఒక్కదాన్ని పట్టలేక మూడుసార్లు జారవిడిచింది.
ఇప్పుడది మెట్లకింద పాత బకెట్లో ఉంది.
ఒంటరిగా, ఉడికించిన బీరకాయ చెక్కుతో.

చుక్కల రొయ్య కథ వేరు.
నాచంతా గీరి తింటుంది, కడుపు నిండా గుడ్లు మోస్తుంది,
పిల్లలు మాత్రం ఉప్పునీళ్లు లేకపోతే నిలవవట.
ఈ ఊళ్లో ఉప్పుకేం కరువు,
కిటికీ చువ్వల్ని తినేసేది అదే కదా.
మా తొట్టెలోకి మాత్రం రాదు.

తెల్లారగట్ల పెదజాలరిపేట వెళ్లి
రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాతో సముద్రంలో దిగాను.
వల బాగుచేసుకుంటున్న ముసలాయన
"మొక్కేటి బాబూ?" అన్నాడు.
కాదు, రొయ్యపిల్లలకి.
ఆయన దారం కొరకడం ఆపి
నన్నూ, సముద్రాన్నీ, సీసానీ
వరసగా చూశాడు.

పదకొండు రోజులు సీసాలో
తలకిందులుగా వేలాడాయి తెల్లటి నలుసులు.
పన్నెండోరోజు నీళ్లు తేటగా ఉన్నాయి.
ఉప్పు ఎక్కువైందో, తిండి తక్కువైందో.
సీసా కడిగి బోర్లించాను.
దాని కడుపులో మళ్లీ గుడ్లున్నాయి.

జిలానీ చెప్పింది నిజమే.
మొన్న పుట్టినవాటిలో
ఎరుపని చెప్పదగ్గది ఒక్కటీ లేదు.
తేనీటి మరకలు, తడి ఇసుక, ఒకదాని వీపున సన్నటి చార.
సిగ్గేసి మాలచ్చికి చెప్పలేదు.
తనే కళ్లద్దాలు పెట్టుకుని గాజుకి ముక్కానించింది.
"ఒలమ్మ, ఇయ్యి మా అమ్మోరి గెడ్డలోయే!
చిన్నప్పుడు పావడాతో పట్టేవోళ్లం."

ఆ రోజునుంచి బచ్చలాకు తనే ఉడకబెడుతోంది.

"ఎన్నున్నాయేటి?" అని నిన్న అడిగింది.
వేలు గాజుమీద పెట్టి మొదలుపెట్టాను.
పదిహేడు దాకా వచ్చాక
గులకరాయి అనుకున్నది ఒకటి
లేచి నడిచింది.