పది మార్కుల ప్రశ్న

డెబ్బై ఒకటి డిసెంబరు.
లారీల కళ్లకు నల్లరంగు పూసిన ఊరు.
కాల్టెక్స్ గొట్టం మీది మంటను కూడా
ఎవరో దోసిట్లో దాచేసినట్టుంది.

సాయంకాలం కాలేజీలో, కిటికీలకు దుప్పట్లు కట్టి,
ఒక్క లాంతరు చుట్టూ పదకొండు మందికి
మన్రో సిద్ధాంతం చెబుతున్నాను.
పద్దెనిమిది వందల ఇరవై మూడు.
మా వైపు నీళ్లలోకి ఇక మీరు రావద్దని
యూరపు రాజులకు అమెరికా చూపించిన గీత.
బోర్డు మీద రెండు ఖండాలు వేసి మధ్యలో గీస్తుంటే
సుద్దముక్క విరిగింది.

వెనక బెంచీలో ఉమ్మిడి ఎల్లాజీ.
జాలారిపేట కుర్రాడు, నోట్సుకీ వల వాసనే.
పదిరోజుల కిందట వాళ్ల నాన్న
నీళ్లలో తేలుతున్న లైఫ్ జాకెట్టొకటి
తెప్ప మీద తెచ్చి నేవీ వాళ్లకిచ్చాడు.
మునిగిన సబ్‌మెరైన్‌దట.
ఎవరి కొడుకు తొడుక్కున్నదో.

"మాస్టారూ,
ఏడో నౌకాదళం మన కాసే వస్తందని రేడియోలో సెప్పినారు.
ఆ గీత ఏటి, ఒక పక్కే ఉంటాదా?"

అందరూ నవ్వారు. నేనూ.
సిలబస్‌లో లేదురా, కూర్చో.

అప్పటికి ఐదేళ్ల ముందు
అదే దేశం గోధుమలు మన హార్బర్లో దిగాయి.
సంచి మీద కలిసిన రెండు చేతుల బొమ్మ.
రొట్టె చెయ్యడం రాని మా అమ్మ
ఆ గోధుమల్ని నూక పట్టించి ఉప్మా చేసింది,
ఖాళీ సంచి గుమ్మం ముందు పరిచింది.
ఆ చేతుల మీద కాళ్లు తుడుచుకునే
రోజూ పాఠం చెప్పడానికి బయల్దేరేవాణ్ణి.

మార్చి పరీక్షలో ఎల్లాజీ రాశాడు:
"మన్రో గారు తన వాకిట్లో నీళ్ల గురించి చెప్పారు.
మా వాకిట్లో నీళ్ల గురించి
చెప్పవలసినవారు ఇంకా చెప్పలేదు."
పక్కన ఎర్ర పెన్సిల్‌తో 'విషయాంతరం' అని రాసి
నాలుగు మార్కులు కోసేశాను.
పేపర్ల కట్టను ఎప్పుడో చెదలు తిన్నాయి.
ఆ ఆరు మాత్రం మిగిలింది.

మొన్న బీచ్ రోడ్డులో
ఉమ్మడి విన్యాసాలకొచ్చిన అమెరికా నావికులు
ముంతమసాలా కారానికి ముక్కులు తుడుచుకుంటున్నారు.
ఒకడు, ఇరవై ఏళ్లుంటాయేమో,
రష్యావాళ్లు కట్టిన మన జలాంతర్గామి ముందు నిలబడి
ఫోను నా చేతికిచ్చాడు.
వెనక సముద్రం కూడా రావాలన్నాడు.

ఎంత సముద్రం కావాలి బాబూ
అని తెలుగులోనే అడిగాను.

థాంక్యూ సర్ అన్నాడు.