మిగులు ముక్క

మంగళవారం సాయంత్రాలు, లింకన్ కొండ మీద
లైబ్రరీ మేడగదిలో రాతి ఆకారాల క్లాసు.
పన్నెండు మందిమి. పదకొండు మంది రిటైరైనవాళ్ళు.
మెళ్ళో టేపు తీయడం మరిచి వచ్చేది నేనొక్కదాన్నే.

పెటిఫర్ గారు సుద్దతో గీస్తారు,
ఒక్కో వంపుకీ ఒక్కో పేరు.
మొనదేలిన కమాను. ముక్కాకు. నాలుగు రేకులు.
లోపలికి వంగబోయి, మనసు మార్చుకుని
బయటికి తిరిగే గీత ఒకటి,
దాన్ని ఓజీ అంటారట.
నేను నోట్సు తలకిందులు చేసి చూశాను:
రావాకు మెడ!
కిందటి నెల ఇందుమౌళి
ప్రెస్టన్ పెళ్ళికి కుట్టించుకున్న జాకెట్టు వీపు.

అప్పట్నించీ కాథడ్రల్ కిటికీలన్నీ
తిరగేసి ఆరేసిన జాకెట్లే నాకు.
ఇది కుండ మెడ, అది పలక మెడ,
పడమటి గోడది, పాపం,
ఎవరో మరీ లోతుగా కోసేశారు.
నవ్వకండి.
గుడ్డకైనా రాతికైనా బరువు పడేది వంపు దగ్గరే.

చివరి వారం లోపలికి తీసుకెళ్ళారు.
రెండు కమానుల భుజాల మధ్య,
ఏ ఆకారమూ కానట్టున్న చోటు చూపించి
స్పాండ్రెల్ అన్నారు.
కావాలని చేసింది కాదు,
కమాను తిప్పితే మిగిలేది.

చప్పున కరీంబీ గుర్తొచ్చింది.
చీరాలలో నాకు కత్తెర పట్టించిన మనిషి.
చంక తిప్పి కోశాక రాలిన ముక్క ఊడవబోతే
"పారేశావంటే చెయ్యి విరగ్గొడతా" అనేది.
దానికో పేరుండేది కాదు. ముక్క, అంతే.
ఆ ముక్కలే అతికి బొంత కుట్టింది,
ఏది ఎవరి జాకెట్టుదో
చీకట్లో తడిమి చెప్పేది.

ఇక్కడ ఆ చోట్లో దేవదూతని కూర్చోబెట్టారు.
రెక్కలు పట్టక కాస్త మడిచి,
ఒక మోకాలు మూలకి నెట్టి.
ఎవరు చెక్కారని అడిగాను.
పేరు తెలీదన్నారు పెటిఫర్ గారు,
అదేదో తన తప్పన్నట్టు.

ఇంటికొచ్చి మిషను కింద సంచి బోర్లించాను.
మూడేళ్ళ మిగులు.
చిలకాకుపచ్చ, నీరుల్లిపొర రంగు,
ఇందుమౌళి వీపులోంచి వచ్చిన ఎర్ర పట్టు.
రేపు పదింటికి ఆల్‌సాప్ గారి కోటు ఇవ్వాలి,
గుండీలు ఇంకా కుట్టలేదు.

ఎర్రముక్క మటుకు దీపం కింద పరిచి
ఇందులో ఎవరు పడతారా అని
కొలుస్తూ కూర్చున్నాను.